కోతకు జీతం, కోటుకు శూన్యం

బడి గేటు దగ్గర విడిపోయిన మొగుడు డ్వేన్ కనబడగానే రోనెట్ నోరు నయాగరా అయింది.

"తొమ్మిది నెలలైంది, పిల్ల భరణం పైసా లేదు. ఎరీ సరస్సు గాలి ఎముకలు కొరుకుతుంటే దానికి కోటు లేదు. మీ నాన్నకి నువ్వు గుర్తే లేవని జోయ్‌కి చెప్పేశాను."

"అందుకేనా అది నా ఫోనెత్తట్లేదు?" డ్వేన్ ముఖం నల్లబడింది. జీతం చీటీ తీసి చూపించాడు. "రెండు వారాలకోసారి భరణం కింద కోస్తున్నారు, కళ్ళు పెట్టుకుని చూడు."

చూసింది. జీతానికి కోత పడుతూనే ఉంది, పిల్ల ఒంటిమీద కోటు మాత్రం పడలేదు. ఎవడు మింగుతున్నట్టు?

ఇద్దరూ సంక్షేమ కార్యాలయానికి వెళ్ళారు. గుమస్తా కంప్యూటరు తెర చూస్తూ చెప్పింది.

"డబ్బు రాష్ట్రానికి జమవుతోంది మేడమ్. నడుం పట్టేసి పని మానేశాక సాయం కోసం దరఖాస్తు పెట్టారుగా? అందులో భరణం హక్కు మాకు రాసిచ్చారు. మీకిస్తున్న సాయం కింద అది మేం పట్టుకుంటాం."

"అంటే పిల్ల నాన్న డబ్బుతోనే నాకు దానం చేస్తున్నారా? ఇది భరణం కాదు తల్లీ, హరణం."

"సంతకం మీదే."

"పదిహేడు చోట్ల పెట్టించారు. దేనికో ఒక్కచోటైనా చెప్పారా?"

డ్వేన్ ముందుకు వంగాడు. "పోనీ, నేనే రోనెట్ చేతికిచ్చేస్తే?"

"అది భరణం లెక్కలోకి రాదు సార్. మేడమ్ మాకు చెప్పాలి, సాయం తగ్గొచ్చు. చెప్పకపోతే మోసం కింద కేసు."

సాయం వదిలేస్తే భరణం ఇంటికొస్తుంది. కానీ అది సాయం కంటే తక్కువ, అద్దెకే చాలదు. రోనెట్ పళ్ళు కొరుక్కుంది. ఇంతకాలం తిట్టినవన్నీ తప్పు చిరునామాకి చేరాయి.

"ఈయన కట్టిందంతా అచ్చువేసి ఇవ్వు. ముద్ర కూడా కొట్టు."

"ఎందుకే?" అన్నాడు డ్వేన్.

"నా మాట నమ్మే జోయ్ నీకు దూరమైంది. ఇప్పుడు నేను మాట మారిస్తే నమ్మదు. కాగితమైతే నమ్ముతుంది."

బడి వదిలాక జోయ్ తారీఖులన్నీ వేలు పెట్టి చదివింది. తండ్రి వంక చూసి, మళ్ళీ కాగితంలోకి చూసింది.

"ఇన్నిసార్లు పంపాడా? మరి నువ్వెందుకలా చెప్పావమ్మా?"

"తెలియక చెప్పాను. తప్పు నాది, నాన్నది కాదు."

జోయ్ కాగితం మడిచి సంచీలో పెట్టుకుని, తల్లి చెయ్యి వదిలేసి, వెళ్ళి డ్వేన్ పక్కన నిలబడింది. రోనెట్ ఆపలేదు.