మిఠాయి డబ్బా తీసుకెళ్ళిన పాపానికి

తువ్వాళ్ళ ఫ్యాక్టరీ మూతపడినప్పటి నుంచి నిరుద్యోగ భృతితోనే నేనూ మా అమ్మాయి తొమొ బతుకుతున్నాం. మా ఇమబరి ఊళ్ళో నలభై దాటిన ఆడదానికి మళ్ళీ మగ్గం దగ్గర పని ఎవరిస్తారు? అందుకని ముసలివాళ్ళను చూసుకునే పని నేర్పే ఆరునెలల కోర్సుకు పరీక్ష రాశాను. ఎవరికీ చెప్పలేదు. మా దగ్గర ఫలితం తేలకముందు ఇలాంటివి బయటపెట్టరు. తప్పితే పరువు పోతుంది. సీటొస్తే అప్పుడు అందరి దగ్గరా తలవంచి, మీ దయేనని చెప్పుకోవాలి. తొమొకు కూడా సీటొచ్చాకే చెప్పాను.

క్లాసులు మొదలయ్యాక ఒకరోజు సెలవు పెట్టి, చిక్కుడుగింజల ముద్ద కూరిన మిఠాయి డబ్బా గుడ్డలో చుట్టుకుని ఉపాధి ఆఫీసుకు వెళ్ళాను. అక్కడి గుమస్తా హిరాయమ గారు మంచివాడు. పని పోయిన కొత్తలో నేను కౌంటర్ ముందు ఏడిస్తే లేచివెళ్ళి మంచినీళ్ళు తెచ్చిచ్చాడు. అలాంటి మనిషికి చెప్పుకోకపోతే ఎలా? మీ దయవల్ల సీటొచ్చిందని డబ్బా ముందుకు జరిపాను.

ఆయన రెండు చేతులతో దాన్ని మళ్ళీ నావైపే జరిపాడు. ఉద్యోగులు తీసుకోకూడదట. ఆ తర్వాత మెల్లగా అడిగాడు.

"పగటి క్లాసులా, రాత్రివా?"

"పగలేనండీ. పొద్దున్నుంచి సాయంత్రం దాకా."

ఆయన మొహం మారిపోయింది. పగలంతా చదువుకునేవాళ్ళకు భృతి రాదట. రేపే పనిలోకి రమ్మంటే రాగలిగినవాళ్ళకే ఇస్తారట. పని దొరికితే చదువు మానేస్తానన్నాను. మాట ఒక్కటే చాలదని ఎంతో మర్యాదగా చెప్పాడు. ఆ మర్యాదకే నాకు ఒళ్ళు మండింది. తిట్టినా బాగుండేది, నేనూ నాలుగు అనేదాన్ని.

భృతి ఆగితే ఇంటద్దె కట్టలేను. చదువు మానితే ముందు దారి లేదు. మరి మా ఫ్యాక్టరీలోనే పనిచేసిన ముకాయ్ నా పక్క బెంచీలోనే కూర్చుంటుందే, ఆమెకు ఎలా వస్తోందని నిలదీశాను.

"ఆవిణ్ణి మా ఆఫీసే పంపిందండీ. మేము పంపినవాళ్ళకు కోర్సు అయ్యేదాకా ఇస్తాం. మీరూ చేరకముందు ఒక్క మాట చెప్పి ఉంటే పంపేవాళ్ళం."

ఏమని చెప్పను? ముందు చెప్పుకోవడానికి సిగ్గుపడ్డానని చెప్పనా? అదే కాలేజీ, అదే పంతులమ్మ! ఇప్పుడే పంపినట్టు రాసుకోమన్నాను. చేరిపోయినవాళ్ళను పంపడం కుదరదట. మానేస్తే భృతి మళ్ళీ మొదలవుతుందట, వచ్చే బ్యాచ్‌కు వాళ్ళ ద్వారా పరీక్ష రాయవచ్చట.

"చదువుకుంటున్నదాన్ని మాన్పించి, మళ్ళీ చదువుకోమని పంపుతారన్నమాట" అన్నాను.

ఆయన కౌంటర్‌కు తల ఆనేదాకా వంగి క్షమించమన్నాడు. క్షమాపణతో అద్దె కట్టగలనా?

ఇంటికొచ్చి డబ్బా విప్పాను. తొమొ ఒక మిఠాయి కొరికి, నాకు ముందే చెప్పి ఉంటే ఆఫీసులో అడిగి రమ్మనేదాన్ని కదమ్మా అంది. నేను డబ్బా మూత పెట్టేశాను.

మర్నాడు కాలేజీకి వెళ్ళి మానేస్తున్నానని చెప్పాను. ముకాయ్ గేటు దాకా వచ్చి, నీకోసం నోట్సు ఉంచుతానంది. ఆమె తప్పేమీ లేదు. అయినా ఆమె మొహం చూడబుద్ధి కాలేదు.

సాయంత్రం ఎదురింటి తకెనో పిన్నిగారు గిన్నెనిండా ఎర్రన్నం పట్టుకొచ్చింది. శుభం జరిగిన ఇంటికి ఇచ్చే అన్నం. నాకు సీటొచ్చిందని ఎవరో చెప్పారట. మామూలుగా అయితే మీ దయ అని వంగి తీసుకునేదాన్నే.

"చదువు మానేశాను పిన్నిగారూ. మళ్ళీ పరీక్ష రాయబోతున్నా. వస్తుందో రాదో తెలీదు."

గిన్నె ఇవ్వాలో వెనక్కి పట్టుకెళ్ళాలో తెలియక పాపం ఆవిడ గుమ్మంలోనే నిలబడిపోయింది. గిన్నె నేనే అందుకున్నాను. తర్వాత చెప్పులేసుకుని, పక్కింటివాళ్ళకూ మూల మీద కొట్టువాళ్ళకూ ఇదే మాట చెప్పి వచ్చాను. తొమొ సిగ్గుతో గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. ఈసారి తప్పితే వీధివీధంతా తెలిసిపోతుంది. తెలియనీ.