జగిత్యాల బస్సు దిగి చెప్పిన మాట

రక్తం పోవడం కన్నా దాన్ని దాచడమే మనిషిని ఎక్కువగా తినేస్తుందేమో, లేకపోతే నిద్రలో కూడా చీర వెనక్కి లాగి తడిమి చూసుకునే ఈ చెయ్యి ఎవరిది, అనుకుంటోంది రాధమ్మ. తన చెయ్యిలా లేదది. తనమీద ఎవరో కాపలా పెట్టిన చెయ్యిలా ఉంది. బస్సు వేములవాడ దాటింది. పక్కన అత్త లసుమవ్వ కిటికీకి తల ఆనించి కునుకు తీస్తోంది. కోడలి నడుం నొప్పి చూపించడానికి జగిత్యాల సర్కారు దవాఖానకు పోతున్నామని ఆమె నమ్మకం.

నడుం నొప్పి. సిరిసిల్లలో ఎన్నిసార్లు చూపించుకోవడానికి పోయినా రాధమ్మ నోట వచ్చిన మాట అదే. డాక్టరు బల్ల చుట్టూ మగవాళ్ళు నిలబడి ఉంటే నోరు దానంతటదే నడుం దగ్గర ఆగిపోయేది. నొప్పి గోలీలు ఇచ్చి పంపేవారు.

అత్తింట్లో అసలే చెప్పలేదు. ముట్టయిన ఆడది మగ్గాన్ని, నూలును తాకకూడదు. మూడు రోజులు వాకిట్లో కూర్చుని, నాలుగోనాడు తలస్నానం చేసి లోపలికి రావాలి. దసరా నెలలో కూడా అలాగే స్నానం చేసి వచ్చింది. రక్తం మాత్రం ఆగలేదు. ఆగలేదని చెబితే కండెలు చుట్టేదెవరు? ఆమె నూలు చుట్టి ఇవ్వకపోతే భర్త ముత్యం మగ్గం ఆడదు. అందుకే చుట్టింది. మగ్గం మీద పోగు తెగిన ప్రతిసారీ మైల తనదేనని మగ్గం చాటుతున్నట్టు అనిపించేది. తను కాపురానికి రాకముందు కూడా పోగులు తెగేవని తెలుసు. తెలిసినంత మాత్రాన భయం పోతుందా?

పుట్టింటికి పోయినప్పుడు తల్లి సంగతి పసిగట్టి కోరుట్లలో ఒక ప్రైవేటు డాక్టరుకు చూపించింది. గర్భసంచి తీసెయ్యాలన్నాడాయన. అంత ఖర్చుకు మగ్గం అమ్మాలి. మగ్గం అమ్మితే ముత్యం మరమగ్గాల కూలికి భీవండి పోవాలి. జగిత్యాలలో లేడీ డాక్టరు ఉంది, పైసా తీసుకోదు, అక్కడికి పొమ్మని చివరికి తల్లే చెప్పింది. ఆమె ముందైనా నోరు పెగులుతుందా? పక్కనే అత్త ఉంటుంది కదా.

కొండగట్టు దాటాక బస్సు ఆగింది. పోలీసులు. నక్సలైట్ అన్నల కోసం వెతకడం ఆ దారికి కొత్త కాదు. అందరినీ దింపి సంచులు విప్పించారు. రాధమ్మ సంచి అడుగున, వేములవాడ బస్టాండులో మార్చుకున్న గుడ్డల మూట ఉంది. కానిస్టేబుల్ దాన్ని విప్పి ఒక్కసారిగా వెనక్కి జరిగాడు.

"నెత్తురు గుడ్డలు! ఎవలికి కట్టు గట్టినవ్? దెబ్బ తాకినోడు ఏడున్నడు?"

రాధమ్మ చూపు తుపాకీ మీద నిలవలేదు, అత్త ముఖం మీదికి పోయింది. ఇంతకాలం తను ఎవరికి భయపడిందో అప్పుడు అర్థమైంది. లేని మనిషిని ఎలా చూపిస్తుంది? ఉన్నదే చెప్పాలి.

"ఎవలు లేరు సారూ. అవి నావే. ముట్టు ఆగుతలేదు. దసరా కాంచి పోతనే ఉన్నది. దవాఖానకు పోతున్న."

కానిస్టేబుల్ తల వంచుకున్నాడు. లసుమవ్వ ముందుకు వచ్చింది.

"ఇన్నవా కొడుకా? ఇగ మూట గట్టు. ఇప్పుడు సిగ్గువడితె ఎట్ల? ఇప్పిన చేతితోనే గట్టు!"

వెనక ఎవరో ఆడమనిషి కిసుక్కున నవ్వింది. అతను ఎలాగో ముడేసి ఇచ్చాడు.

బస్సు కదిలింది. లసుమవ్వ కోడలి వైపు తిరిగింది.

"దసరా కాంచా?"

"ఆఁ, అత్తా."

"మరి కండెలు?"

"చుట్టిన." రాధమ్మ కళ్ళు మూసుకుంది.

"ఓసి పిచ్చిదానా! మగ్గానికేమన్న ముక్కున్నదా, వాసన వట్టనీకి? ఇన్నొద్దులు నడుం నడుం అంటివి. నడుముల కెల్లి నెత్తురు వోతదానె?"

"తిడ్తవని చెప్పలే."

"తిడ్తనే. తిట్టి దవాఖానకు తోల్కపోదును. తిట్లకు భయపడి పానం తీసుకుంటవా?"

తిడుతూనే ఆమె కోడలి భుజం మీదికి కొంగు సర్దింది. రాధమ్మకు ఏడుపు రాలేదు. ఆశ్చర్యంగా, నిద్ర వచ్చింది.

దవాఖానలో డాక్టరమ్మ ఏమైందని అడగ్గానే రక్తం సంగతే చెప్పింది. ఒకసారి నడిరోడ్డు మీద చెప్పిన మాటకు రెండోసారి బరువుండదు. డాక్టరమ్మ లోపలికి తీసుకుపోయి పరీక్ష చేసి బయటకు వచ్చింది.

"గర్భసంచి మూతి దగ్గర చిన్న కండ పెరిగింది. అది తీసేస్తే చాలు. గర్భసంచి తీయాల్సిన పని లేదు."

"పైసలు ఎన్నయితయమ్మా?" అంది లసుమవ్వ.

"సర్కారు దవాఖానలో పైసలేంటి అవ్వా?"

ఆ పూటే కండ తీశారు. ముక్కను పరీక్షకు పంపుతానని, చూసినంతలో భయపడాల్సిందేమీ లేదని డాక్టరమ్మ చెప్పింది. నెత్తురు పట్టే గోలీలు ఇచ్చింది. ఇంకో రెండు మూడు రోజులు కొద్దిగా కనబడుతుందంది.

వరండాలో గోడకు ఆనుకుని కూర్చున్నారు. లసుమవ్వ సద్ది విప్పింది: మక్క రొట్టెలు, పచ్చికారం. ఇంట్లో అయితే ముట్టయినదానికి తిండి తాకకుండా పైనుంచి వేస్తారు. ఇంకా కొద్దిగా పోతూనే ఉంది. ఆ సంగతి అత్తకూ తెలుసు. తెలిసిన మనిషి పక్కన కూర్చుంటే ఒంట్లో ఇన్నాళ్ళూ బిగబట్టిన ఏవేవో నరాలు ఒక్కొక్కటే వదులవుతున్నాయి.

రాధమ్మ చెయ్యి చాచి సద్దిలోంచి ఒక రొట్టె తీసుకుంది. రెండుగా తుంచి, ఒక ముక్క అత్త చేతిలో పెట్టింది.