రెండున్నర నిమిషాలకే మోగిన గంట

నేను ఒక బల్లగంటను. అరచేతిలో ఇమిడే ఇత్తడి టోపీ, దాని నడినెత్తిన ఒక బొత్తాం, లోపల చిన్న సుత్తి. బొత్తాం నొక్కితే సుత్తి లేచి టోపీని కొడుతుంది. నా పనంతా అంతే. ఇంత చిన్న పనిలో తప్పు చేసే వీలెక్కడ ఉందని మీరు అడగవచ్చు. చాలాకాలం నేనూ అలాగే అనుకున్నాను.

నన్ను చేసిన ఇత్తడి పనివాడు చెవి దగ్గర పెట్టుకుని మూడుసార్లు మోగించి, "గొంతు బాగుంది" అని పక్కన పెట్టాడు. తరవాత పలాసలో ఒక హోమియో డాక్టరు గారి బల్ల మీద పదకొండేళ్ళు ఉన్నాను. నేను మోగితే గది బయట ఎవరో ఒకరు హమ్మయ్య అనుకుంటూ లేచేవారు. ఆ పదకొండేళ్ళూ నా గొంతుకు ఎవరూ భయపడలేదు. డాక్టరు గారు ప్రాక్టీసు మానేసినప్పుడు నన్ను తన స్నేహితుడు సన్యాసిరావు మాస్టారికి ఇచ్చారు. ఆయన దగ్గర్లోని ఒక ఊళ్ళో డిగ్రీ కాలేజీలో అర్థశాస్త్రం చెప్పేవారు.

మాస్టారికి శనివారం శనివారం సెమినార్ పెట్టే అలవాటు. ఒక్కొక్కరు డయాస్ ఎక్కి ఐదు నిమిషాలు మాట్లాడాలి. నాలుగో నిమిషానికి ఒక గంట, ఐదుకు రెండు. రెండు మోగాక మాట్లాడితే మార్కులు కోత. గంట కొట్టే పని ఆ తరవాత మాట్లాడవలసిన వాళ్ళది. మాస్టారి చేతి గడియారం ముందు పెట్టుకుని నా పక్కన కూర్చోవాలి. తన వంతు రాబోయేవాడు మోసం చెయ్యడని మాస్టారి నమ్మకం. తన వంతు తలుచుకుని వణుకుతున్నవాడికి గడియారం కనిపిస్తుందా అని మాత్రం ఆయన ఆలోచించలేదు. మనుషులు నియమాలు పెట్టేటప్పుడు గుండె దడను లెక్కలోకి తీసుకోరు.

రెండో సంవత్సరంలో పైడితల్లి అనే అమ్మాయి ఉండేది. వాళ్ళమ్మ జీడిపిక్కలు కొట్టే పనికి వెళ్ళేది. సెలవుల్లో తనూ వెళ్ళేది. ఆ పిక్కల జీడికి వేళ్ళ చివరలు నల్లబడి ఉండేవి. పైడితల్లికి నత్తి, ముఖ్యంగా ద అక్షరం దగ్గర మాట ఆగిపోయేది. సెమినార్‌కి తను ఎంచుకున్న విషయం, జీడిపిక్కల ధర ఎవరు నిర్ణయిస్తారన్నది. ఆ ప్రశ్నకు జవాబు ఒకే మాట. అది ద తోనే మొదలవుతుంది. మరో మాట వెతుక్కోవచ్చు కదా అని స్నేహితురాలు రత్నం అంటే, "మా అమ్మ అనేది ఆ మాటే" అంది.

ఆ శనివారం నా పక్కన కూర్చున్నది రత్నమే. తరవాతి వంతు తనది.

పైడితల్లి మొదలుపెట్టింది. పిక్క కొట్టే కూలి గురించి, బస్తా తూకం గురించి నెమ్మదిగా, బాగానే చెప్పింది. "రైతు కాదు, కొట్టే మనిషి కాదు, కొనే మనిషీ కాదు. రేటు నిర్ణయించేది ద… ద…" అని ఆగిపోయింది. కళ్ళు మూసుకుంది. మెడనరం పైకి లేచింది. వెనక బెంచీలోంచి ఎవరో, "బండి స్టార్టవ్వట్లేదు, ఎవులైనా దిగి తొయ్యండ్రా" అన్నారు. నవ్వులు. మాస్టారు రిజిస్టరులో తల దించుకుని ఉన్నారు.

రత్నం చెయ్యి నా మీద పడింది. చెమటతో తడిసి ఉంది. ఒకటి, రెండు. టింగ్, టింగ్.

గడియారంలో అప్పటికి రెండున్నర నిమిషాలే అయింది. అది రత్నం చూసింది, నేను చూశాను.

పైడితల్లి కళ్ళు తెరిచింది. పెదవులు ఇంకా ఆ మాట మీదే ఉన్నాయి. అలాగే డయాస్ దిగింది. అలవాటు ప్రకారం అందరూ చప్పట్లు కొట్టారు. రత్నం వంగి, "పోనీలేయే, గండం గడిచింది" అని గుసగుసగా అంది. పైడితల్లి వెళ్ళి తన బెంచీలో కూర్చుంది. మాస్టారు రిజిస్టరులో "అసంపూర్ణం" అని రాశారు. తరవాత రత్నం తడబడకుండా మాట్లాడింది. పదికి తొమ్మిది వచ్చాయి.

ఆ పిల్ల జాలితోనే కొట్టిందని నాకు తెలుసు. జాలిపడ్డ చెయ్యి తడిగా, మెత్తగా ఉంటుంది. కానీ మోగింది నేను. ఆ రోజు మొదటిసారి నా గొంతు నాకు నచ్చలేదు.

తరవాత పైడితల్లి క్లాసుకి వచ్చేది గానీ నోరు విప్పేది కాదు. హాజరు పిలిస్తే చెయ్యి ఎత్తేది. రెండు నెలలు గడిచాక మాస్టారు, "వచ్చే శనివారం ఆఖరు. చెప్తావా అమ్మా, సున్నా వెయ్యమంటావా?" అని అడిగారు. చెప్తానన్నట్టు తల ఊపింది.

ఆ శనివారం క్లాసు నిండకముందే రత్నం వచ్చి నన్ను తిరగేసింది. తొమ్మిది మార్కులొచ్చిన తన ప్రసంగం రాసుకున్న కాగితాన్నే గట్టిగా మడిచి నా కడుపులో కుక్కింది. ఎవరూ చూడకుండా మళ్ళీ బల్ల మీద పెట్టింది.

పైడితల్లి తరవాత ఎవరూ లేరు కాబట్టి నా దగ్గర మాస్టారే కూర్చున్నారు. పైడితల్లి మాట్లాడుతూ మళ్ళీ ఆ మాట దగ్గరికే వచ్చి ఆగిపోయింది. నాలుగో నిమిషంలో మాస్టారు గడియారం చూసుకుని నన్ను నొక్కారు. టప్ మంది. ఐదుకు రెండుసార్లు నొక్కారు. టప్, టప్. ఆయన నన్ను ఎత్తి చూశారు, లోపలి కాగితం చూశారు, తల దించుకుని ఉన్న రత్నాన్ని చూశారు. నన్ను కింద పెట్టి చేతులు కట్టుకున్నారు.

ఏడో నిమిషంలో పైడితల్లి "దళారీ" అంది. తరవాత మరో నాలుగు నిమిషాలు మాట్లాడింది. ఎవరూ నవ్వలేదు.

"టైం దాటిపోయింది కద సార్, కోత లేదా?" అని వెనక బెంచీ అడిగింది.

"రెండు గంటలు మోగాక మాట్లాడితే కోత. నీకేమైనా వినిపించిందా?" అన్నారు మాస్టారు. ఆయన నియమం తప్పడం నేను చూడలేదు. ఆ రోజూ తప్పలేదు.

అందరూ వెళ్ళాక ఇద్దరమ్మాయిలే మిగిలారు. రత్నం నవ్వుతూ ఏదో అనబోయింది. పైడితల్లి పుస్తకాలు సర్దుకుంటూ, కోపం లేకుండానే అంది: "ఆవేళే వచ్చీసిందే, నోటి దాకా. నువ్వు కొట్టకపోతే అనీసుందును."

రత్నం నా మీద చెయ్యి వేసింది. నొక్కలేదు. ఊరికే ఉంచింది.

మాస్టారు ఆ కాగితం తియ్యకుండానే రిటైరయ్యారు. తరవాత వచ్చిన కొత్తాయన నన్ను నొక్కి చూసి, పాడైందని సామాన్ల గదిలో విరిగిన స్టూళ్ళ మధ్య పడేశారు. తిరగేసి చూడాలని ఆయనకు తోచలేదు. మంచిదే. ఈ చీకటి గదిలో కాగితం మింగిన గొంతుతో చాలా ఏళ్ళుగా ఉన్నాను.

రేపు పాత సామాన్లు కొనేవాడు వస్తాడట. ఇత్తడి కదా, నన్ను వదలడు. తిరగేసి కాగితం లాగేసి, పనిచేస్తుందో లేదోనని ఒక్కసారి నొక్కి చూస్తాడు. నేను మోగుతాను, మోగక తప్పదు. ఆ క్షణాన పక్క గదిలో ఎవరూ మాట మధ్యలో లేకుండా ఉంటే చాలు.