ఆయా కళ్లు, ప్రొఫెసర్ గంట

ప్రొఫెసర్ ఏమస్ పెల్హామ్‌కి మనుషుల మీద నమ్మకం తక్కువ. కాలేజీలో మనస్తత్వ ప్రయోగశాల తెరిచి మూడేళ్లు కాకముందే, విద్యార్థులు చెప్పే జవాబులన్నీ తనని మెప్పించడానికేనని తేల్చేశాడు. చంటిపిల్లాడైతే అబద్ధమాడడు కదా అని పది నెలల కొడుకు థియోని పట్టుకున్నాడు. వచ్చే నెల ఫిలడెల్ఫియా సభలో పెద్దలందరి ముందూ చదవబోయేది వాడి మీద చేసిన ప్రయోగాలు రాసుకున్న నోటుబుక్కే.

రోజూ ఉదయం ఆయా హనోరా పిల్లాణ్ణి ఎత్తు కుర్చీలో కూర్చోబెట్టి ఎదురుగా కూర్చుంటుంది. ఏమస్ వాడి వెనక నిలబడి ఒకసారి కుడివైపు, ఒకసారి ఎడమవైపు గంట కొడతాడు. ఎటు మోగితే అటు తిరుగుతాడు థియో. నలభై రోజుల్లో ఒక్క తప్పు లేదు. అదే ఏమస్‌కి మింగుడుపడలేదు. పైగా హనోరా ఈమధ్య తన భార్య లిడియాతో ఏదో చెప్పబోయి, తను గదిలోకి రాగానే నోరు మూసుకుంటోంది. ఐర్లండ్ నుంచి వచ్చి రెండేళ్లయినా కాలేదు, అప్పుడే ఎంత నంగనాచితనం నేర్చిందో అనుకున్నాడు.

గురువారం కనిపెట్టాడు. గంట మోగగానే వాడు ముందు హనోరా ముఖంలోకి చూస్తున్నాడు, ఆ తర్వాతే తిరుగుతున్నాడు.

శుక్రవారం తన మెడగుడ్డ తీసి ఆమె కళ్లకు గంతలు కట్టాడు. కుడివైపు గంట కొట్టాడు. థియో చెక్క గరిటె చప్పరిస్తున్నాడు. ఎడమవైపు కొట్టినా అంతే. కసికొద్దీ పొయ్యి మూత మీద ఇనపచువ్వతో బాదాడు. హనోరా కుర్చీలో ఎగిరిపడింది. ఆమె ఎగిరిపడటం చూసి థియో కిలకిలా నవ్వాడు.

"ఇన్నాళ్లూ కళ్లతో సైగ చేసి ఆడించావన్నమాట," అన్నాడు ఏమస్, గెలిచినవాడిలా.

హనోరా గంతలు విప్పుకుంది. "గంట మోగితే ఎవరి చూపైనా అటే పోతుంది కదయ్యా. నేను కావాలని చెయ్యలేదు." గొంతు తగ్గించింది. "నా పాటకి బాబు నిద్రపోడు. గుండెకి ఆనించుకుని పాడితేనే నిద్రపోతాడు. అమ్మగారితో చెబుదామని రెండుసార్లు నోటిదాకా వచ్చింది. పనిలోంచి తీసేస్తారని భయపడ్డాను."

ఏమస్ చేతిలో గంట బరువెక్కింది. బాబు చెవుల మీద ఇప్పుడే పుట్టిన అనుమానం తప్పయితే ఎంత బాగుండు అనిపించింది. హనోరాని దొంగని చేసినందుకు సిగ్గేసింది. ఫిలడెల్ఫియా సంగతి గుర్తే లేదు.

అంతలో లిడియా ఓట్స్ జావ గిన్నెతో వచ్చింది. ఇవాళ కూడా అన్నీ సరిగ్గా చేశాడా మా బుల్లి పండితుడు అని అడిగింది.

హనోరా ఏమస్ వైపే చూస్తోంది.

"మళ్లీ కట్టుకో, హనోరా," అన్నాడు.

ఇదేం ఆటండీ అని లిడియా నవ్వింది. ఏమస్ గంట కొట్టాడు. థియో తల్లి చేతిలోని గిన్నెనే చూస్తున్నాడు. ఇంకోసారి కొట్టాడు. వాడు గిన్నెలోని గరిటె కోసం చెయ్యి చాపాడు.

లిడియా నవ్వు ఆగిపోయింది.

"మీరు మెల్లిగా కొడుతున్నారు," అంది. "గట్టిగా కొట్టండి."