ఎర్రగుట్ట మీద ఆగిన నీళ్లు

కరీంనగర్ పొలిమేరలో ఎర్రగుట్ట వాలు మీద అరవై ఇళ్లుండేవి. రాళ్లు కొట్టేవాళ్లు, బీడీలు చుట్టేవాళ్లు ఉండే బస్తీ. తాగే నీళ్లు కింద రోడ్డు పక్క బోరింగు నుంచి మోసుకురావాలి. వానాకాలం వస్తే మాత్రం పిలవని నీళ్లు పైనుంచి ఇళ్లలోకి దూరేవి.

1983 శ్రావణంలో రెండు రోజులు ఎడతెగని వాన పడింది. రెండో రోజు మధ్యాహ్నం బురద, రాళ్లు కలిసిన వరద దిగి వచ్చి బుచ్చిరాములు ఇంటి వెనక గోడను కూల్చింది. లోపల అతని భార్య సత్తమ్మ, ఐదేళ్ల మనుమరాలు అనసూర్య ఉన్నారు. కూతురు బాలలక్ష్మి మంథని నుంచి పుట్టింటికి వచ్చి నాలుగు రోజులే అయింది. కిరసనాయిలు కోసం దుకాణానికి పోయి తిరిగి వచ్చేసరికి ఆమెకు తల్లీ లేదు, బిడ్డా లేదు.

దినాలు కాగానే బాలలక్ష్మి మంథని వెళ్లిపోయింది. ఐదేళ్లు మళ్లీ ఆ గుట్ట ఎక్కలేదు.

బుచ్చిరాములు ఎవరికీ చెప్పని సంగతి ఒకటుంది. గుట్ట పైభాగాన ఒకప్పుడు పెద్ద పెద్ద రాతిగుండ్లు వరుసగా ఉండేవి. వాటి వెనక మన్ను, చెట్లు. వాన నీళ్లు అక్కడ ఆగి, ఇంకి, మెల్లగా దిగేవి. పదిహేనేళ్లలో ఆ గుండ్లన్నీ పగిలి కంకరయ్యాయి. కొట్టమని చూపించింది కంట్రాక్టరే, కానీ సుత్తె పట్టింది బుచ్చిరాములు, అతని జట్టు.

ఆ చలికాలం అతను ఒక్కడే పైకెక్కి, మిగిలిన రాళ్లను వాలుకు అడ్డంగా పేర్చడం మొదలుపెట్టాడు. పొరుగింటి లింగవ్వ నెల రోజులు చూసి ఒకనాడు పైకి వచ్చింది.

"ఏం జేస్తున్నవ్ అన్నా?"

"నీళ్లను జర ఆపుదామని."

"ఒక్కనివి ఎంత ఆపుతవ్?"

అతను ఇంకో రాయి పేర్చాడు. లింగవ్వ కొంగు నడుముకు చుట్టి ఒక రాయి ఎత్తింది. వారం తిరిగేసరికి ఇరవై మంది ఆడవాళ్లు ఆమె వెంట వచ్చారు.

ఎండాకాలంలో మున్సిపాలిటీ నుంచి ఓవర్సీరు మనోరమ వచ్చింది. వాన నీళ్లు పోవడానికి గుట్ట పైనుంచి కిందికి సీదాగా సిమెంటు మోరీ కట్టాలని ఆమె తెచ్చిన నక్షాలో ఉంది.

"గట్ల కడితే నీళ్లు ఇంక జోరుగ ఉరుకుతయ్ మేడమ్," అంది లింగవ్వ. "కిందోళ్ల ఇండ్లు పోతయ్. జర మాతోని నడువుండ్రి."

మనోరమ నడిచింది. ఏ ఇంట్లోకి ఎంత ఎత్తున నీళ్లు వచ్చాయో, వైశాఖంలో కూడా ఎక్కడ నేల తడిగా ఉంటుందో ఆడవాళ్లు చూపించారు. సాయంత్రం ఆమె నక్షాను నేల మీద పరిచి పెన్సిలు లింగవ్వ చేతికిచ్చింది. చదువు రాని లింగవ్వ మొదట భయపడింది, తర్వాత గీసింది. వాలుకు అడ్డంగా ఐదు రాతికట్టలు, ఇళ్ల మధ్య మెట్లు, వాటి పక్కన కాలువ. నీళ్లన్నీ చేరడానికి నడుమ ఒక కుంట. అందుకు తగిన పల్లం ఒక్కటే ఉంది. అది బుచ్చిరాములు ఇల్లు కూలిన జాగా.

లింగవ్వ పెన్సిలు పక్కన పెట్టింది.

"తవ్వుండ్రి," అన్నాడు అతనే. మొదటి గడ్డపార దెబ్బ కూడా తనే వేశాడు. మూడో రోజు మట్టిలోంచి సత్తమ్మ బీడీ ఆకు కత్తిరించే కత్తెర బయటపడింది. అతని చేతిలోంచి గడ్డపార జారిపోయింది. లింగవ్వ అతన్ని నీడకు నడిపించి కూర్చోబెట్టింది. ఆ పూట ఎవరూ పని చేయలేదు.

ఏటా కొంత చొప్పున పని సాగింది. కట్టల వెంట కానుగ, సీతాఫలం మొక్కలు నిలిచాయి. ఐదో ఏడు కుంటలో నీళ్లు హోలీ దాటినా ఎండలేదు. అప్పుడు లింగవ్వ ఉత్తరం రాయించి బాలలక్ష్మిని పిలిపించింది.

"గిదంత మీ బాపు పుణ్యమే బిడ్డా," అంది కుంట చూపిస్తూ.

ఆ మాట బుచ్చిరాములు భరించలేకపోయాడు. "పుణ్యం గాదు. పైన గుండ్లు పలగ్గొట్టింది నేనే. గవి ఉంటే వరద గట్ల వస్తుండెనా? మీ అవ్వను, పిల్లను నేనే సంపుకున్న బిడ్డా."

బాలలక్ష్మి నీళ్ల వైపే చూస్తూ అంది: "నాకెర్కే బాపు. చిన్నప్పుడు నీకు సద్ది తెచ్చింది నేనే గద."

"మరి ఒక్కసారన్న అనకపోతివి?"

"అంటే నువ్వు బతుకవని ఊకున్న."

"ఇప్పుడను."

ఆమె అంది. "పొట్టకోసం కొట్టినవ్, సరే. గోడ పగులువట్టిందని అవ్వ మొత్తుకున్నది. గప్పుడన్న ఇల్లు మార్వకపోతివి! ఆ పొద్దుగాల పిల్లను దీస్కొని పోతనన్న. గీ వానల ఏడికని నువ్వే ఆపితివి! ఎందుకాపినవ్ బాపు?"

నీళ్లు ముంచుతున్న ఆడవాళ్లు బిందెలు దించి నిలబడిపోయారు. గొంతు పోయేదాకా ఆమె తిట్టింది. అతను తల వంచుకుని అంతా విన్నాడు. సాయంత్రం బస్సు ఎక్కబోతూ, "మా ఇంటికి వస్తవా?" అని మాత్రం అడిగింది.

"గీ వానకాలం పోనియ్. కట్టలు జూసుకోవాలె."

వానాకాలం పోయింది. రాళ్ల దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుందని డాక్టరు చెప్పాడు. మరుసటి వైశాఖంలో బాలలక్ష్మి వచ్చి తండ్రిని మంథని తీసుకెళ్లింది. రోజూ జొన్న గటక కలిపి, చంటిపిల్లకు పెట్టినట్టు పెట్టింది. నలభై రోజులకు, పెద్దవాన పడిన మర్నాడు అతను పోయాడు.

కబురు అందుకుని లింగవ్వ, మరో పదకొండు మంది పెద్దపల్లిలో బస్సు మారి వచ్చేసరికి గోదావరి ఒడ్డున చితి సగం కాలింది.

"మాఫ్ జెయ్యి బిడ్డా," అంది లింగవ్వ. "మొన్నటి వానకు మూడో కట్ట తెగింది. రాళ్లు వేర్చి వచ్చేసరికి ఆలిశమైంది."

"ఇండ్లేమన్న పోయినయా అత్తా?"

"ఒక్కటి గూడ పోలే. అందరం మంచిగనే ఉన్నం."

తండ్రి పోయినప్పుడు కూడా ఏడవని బాలలక్ష్మి అప్పుడు ఆ ఇసుకలో కూలబడి బావురుమంది.