అటక కింద ఏడుగురు

వీడియోగేమ్ మిషను వెనక పలకకు నాలుగు మరలున్నాయి. బాబ్జీ రెండు విప్పాడు. మూడోదానికి స్క్రూడ్రైవరు ఆనించగానే పలక మెత్తబడిన అప్పడంలా విరిగి చేతిలోకి వచ్చేసింది. లోపలంతా ఎర్రమట్టి. ఆ మట్టిలో తెల్లటి చెదపురుగులు వెలుగు తగిలి చెల్లాచెదురయ్యాయి.

బాబ్జీ టెక్కలిలో పాత టీవీలు బాగుచేస్తాడు. వైకుంఠరావు రమ్మంటే ఆ పొద్దున్నే కాశీబుగ్గ వచ్చాడు. ఒకప్పుడు పలాస స్టేషను రోడ్డులో వైకుంఠరావుకి వీడియోగేమ్స్ షాపుండేది. అయిదు మిషన్లలో నాలుగు పాత ఇనుముకి పోయాయి. ఈ ఒక్కదాన్నీ ఆయన పోనివ్వలేదు. తిత్లీ తుఫానుకి పెంకులు లేచిపోయి ఇల్లంతా తడిసినప్పుడు దాన్ని వెనక గదిలోకి తోసి, అటకని మోసే గుంజకి ఆనించి పెట్టించాడు. అప్పట్నుంచీ అది అక్కడే ఉంది. చచ్చేలోగా దాని తెర ఒక్కసారి వెలిగితే చూడాలని ఆయన కోరిక.

ఆ గదిలోనే ఇప్పుడు ఆయన కోడలు ప్రమోదిని జీడిపప్పు పొట్టు తీయిస్తోంది. గుంజకి అవతల ఏడుగురు ఆడవాళ్ళు వరసగా కూర్చుని పనిచేస్తున్నారు. వాళ్ళ తలలకి పైన చెక్క అటక. దాని మీద మొన్ననే ఎక్కించిన నలభై బస్తాల జీడిపిక్కలు.

బాబ్జీ మట్టి గీకి, పిక్చర్ ట్యూబుని పట్టి ఉంచే ఇనప ఫ్రేమ్‌ని కదిపి చూశాడు. అటూ ఇటూ బోల్టులు చెక్కతో సహా ఊడిపోయాయి. ఫ్రేమ్ బరువంతా అతని ముంజేతుల మీద పడింది. మిషను కిర్రుమంది. పైనుంచి మట్టిబెడ్డలు అతని మెడ మీద రాలాయి.

అతను కళ్ళు మాత్రం పైకెత్తాడు. మిషను అడుగు నుంచి మొదలైన చెదల మట్టిదారి గుంజ మీదుగా పాకి, అటక కింది దూలం దాకా పోయింది.

"సెల్లీ," అని పిలిచాడు, గొంతు తగ్గించి. "ఓపాలి ఇలగ రా. మెల్లగా రా."

ప్రమోదిని వచ్చింది. బాబ్జీ కళ్ళతోనే పైకి చూపించాడు.

"ఈ మిషను మీద సందుండేదా?"

ఉండేది. మిషను నెత్తికీ దూలానికీ మధ్య నాలుగు వేళ్ళ సందు. ప్రమోదిని తన విసనకర్ర అందులోనే దోపేది. ఇప్పుడా విసనకర్ర పిడి బయటికి కనిపిస్తోంది. పట్టుకుని లాగింది. రాలేదు. దూలం కిందికి దిగి దాన్ని నొక్కేసింది.

ఆమె గుంజ మీద బొటనవేలు నొక్కింది. రంగు చిట్లి వేలు లోపలికి దిగిపోయింది. లోపల చల్లగా, తడిగా, వేలి చుట్టూ ఏదో పాకింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

"గుంజ ఒట్టి డొల్ల," అన్నాడు బాబ్జీ. "బరువంతా ఈ పెట్టె మీదే ఉంది. ఈ ఫ్రేము అడ్డుంది కాబట్టి పక్క పలకలు నిలబడ్డాయి. నాను సేతులొగ్గేత్తే రెండూ మూసుకుపోతాయి. ముందు ఆల్లని బయటికి పంపు. అరవకు. అందరూ ఒక్కసారి లెగిత్తే అదురుద్ది."

గుమ్మంలో నిలబడ్డ వైకుంఠరావు ఇదంతా విన్నాడు.

ప్రమోదిని చీర కొంగుతో మొహం తుడుచుకుని ఆడవాళ్ళ ముందుకి వెళ్ళింది.

"టీ బయట పెట్టినాను. ఒక్కొక్కలే వచ్చి తాగండి. గది ఇరుకు, తోసుకోకండి."

"ఇప్పుడే టీ ఏటి? ఇంకా పది కూడా అవనేదు," అంది నూకాలమ్మ, తల ఎత్తకుండానే. అందరిలోకీ పెద్దది ఆమే. పని వేగంలోనూ పెద్దదే.

గుమ్మానికి దగ్గరగా కూర్చున్న భాగ్యశ్రీ మాత్రం ప్రమోదిని మొహంలోకి చూసింది. తర్వాత పైకి చూసింది. పళ్ళెం పక్కన పెట్టి లేచింది. పక్కనున్నామె భుజం తట్టి, "రాయే, సల్లారిపోద్ది," అని నడిపించుకుపోయింది.

ఇద్దరు. మూడో ఆమె ఒడిలో పొట్టు దులుపుకుంది. ఆ చిన్న చప్పుడుకే ప్రమోదిని పైకి చూసింది. నలుగురు. అయిదో ఆమె చెప్పుల కోసం వెనక్కి తిరిగింది. "నాను తెత్తాను, నువ్వెల్లు," అంది ప్రమోదిని. ఆరుగురు.

నూకాలమ్మ ఇంకా కూర్చునే ఉంది.

"ఈ పళ్ళెం అవగొట్టి వత్తాను. నువ్వెల్లమ్మా."

"పిన్నీ, ఇప్పుడే రా."

ఆ గొంతులో వణుకు విని నూకాలమ్మ తలెత్తింది. ఆమెవి మోకాళ్ళ నొప్పులు. లేవాలంటే ఏదో ఒక ఆసరా కావాలి. రోజూ చేసేట్టే చెయ్యి వెనక్కి చాపి గుంజని పట్టుకోబోయింది.

ప్రమోదిని ఒక్క అంగలో వెళ్ళి ఆ చేతిని గాలిలోనే అందుకుంది. "నన్ను పట్టుకో. నన్నే పట్టుకో పిన్నీ."

ముసలామె బరువంతా ఆమె మణికట్ల మీద వేలాడింది. ఒక మోకాలు లేచింది, రెండోది లేవలేదు. నెత్తిమీద అటక చెక్కలు టిక్కుమన్నాయి. ఇద్దరి మధ్యకీ సన్నగా మట్టి రాలింది. అప్పుడు నూకాలమ్మకి అర్థమయింది. నోరు తెరిచింది గానీ అరవలేదు. ప్రమోదిని ఆమెని నడుం దగ్గర కరుచుకుని పైకి లేపి, అడుగులో అడుగు వేయిస్తూ గుమ్మం దాటించింది. వరండాలోకి రాగానే నూకాలమ్మ కూలబడి, రెండు చేతులతో తల మీద తడుముకుంది.

లోపల బాబ్జీ ఉన్నాడు. ప్రమోదిని వెనక్కి తిరిగి చూసేసరికి అతని పక్కన వైకుంఠరావు కూడా ఉన్నాడు. ఫ్రేము కింద నాలుగు చేతులు.

"నువ్వు బయటికెల్లు మావా," అంటున్నాడు బాబ్జీ. అతని మోచేతులు వణుకుతున్నాయి.

"నానెల్లను."

పక్కింటి మేడకి స్లాబు పని జరుగుతోంది. గోడకి ఆనించిన సరుగుడు కర్రలు ప్రమోదిని కంట పడ్డాయి. ఆమె, భాగ్యశ్రీ పరిగెత్తారు. మేస్త్రీని అడిగే తీరిక లేదు. లావుపాటివి రెండు ఎత్తుకొచ్చారు. గుమ్మం దగ్గర ప్రమోదిని కర్ర భుజాన పెట్టుకుని, అటక వైపు చూస్తూ అలాగే నిలబడిపోయింది.

"నాను ముందెల్తాను, నువ్వెనక పట్టు," అంది భాగ్యశ్రీ.

వెళ్ళారు. సుత్తి వాడితే అదురుతుందని కర్ర పైకొనని దూలానికి ఆనించి, మొదలు కింద ఇటుక ముక్కలు ఒక్కొక్కటిగా చేత్తోనే తోశారు. ఒక కర్ర బిగుసుకుంది. రెండోది పొట్టిదయింది. ఇంకో ఇటుక పెట్టారు. అదీ బిగుసుకుంది.

"ఎల్లిపోండి," అన్నాడు బాబ్జీ. వాళ్ళిద్దరూ గుమ్మం దాటాక, "మావా, మూడనగానే," అన్నాడు.

చేతులు వదిలేసి ఇద్దరూ గుమ్మం వైపు పడ్డారు. మిషను పక్క పలకలు కాగితాల్లా ముడుచుకుపోయాయి. ట్యూబు పేలింది. గుంజ నడిమికి విరిగి పొడి అయింది. దూలం జానెడు కిందికి దిగి, సరుగుడు కర్రల మీద మూలుగుతూ ఆగింది. అటక చివరనుంచి మూడు బస్తాలు జారి, నూకాలమ్మ కూర్చున్న చోట పడ్డాయి. ఆమె పళ్ళెం వాటి కింద నలిగిపోయింది.

బాబ్జీ చేతికి గాజుముక్క గీసుకుంది. ఇంకెవరికీ ఏమీ కాలేదు. వరండాలో ఆడవాళ్ళలో ఒకామె సన్నగా ఏడుస్తోంది.

వైకుంఠరావు వరండా మెట్టు మీద కూర్చున్నాడు. ఎవరి మొహమూ చూడకుండా అన్నాడు. "రెండేల్లయింది నాను సూసి. మిషను కింద మట్టి. కిరసనాయిలు రాసి తుడిసేసినాను. మీకు సెప్తే దాన్ని పారేత్తారని సెప్పనేదు. గుంజకి ఎక్కుద్దని నాకు తెలీదు."

ప్రమోదినికి కోపం రావాలి. రాలేదు. వేలి చుట్టూ పాకిన ఆ తడి ఇంకా పోలేదు. చేతిని చీరకి రుద్దుకుంటూనే ఉంది.

జవాబు చెప్పింది నూకాలమ్మే. "నాకు ఒక్క మాట సెప్పుంటే నాను బయట కూకుందును కదా బావా."



మర్నాడు కూలీలు వచ్చి, ఇంకో నాలుగు కర్రలు నిలబెట్టి బస్తాలు దింపారు. అటక ఊడదీశారు. పని వరండాలోకి మారింది. నూకాలమ్మ మూడు రోజులు రాలేదు. నాలుగో రోజు వచ్చింది గానీ, చాపని స్తంభాలకి దూరంగా, ఎండ పడే చోట వేసుకుంది. పప్పు చేతిలోకి తీసుకోవడం, పైకి చూడటం. మళ్ళీ తీసుకోవడం, మళ్ళీ చూడటం.

వైకుంఠరావు లోపలికెళ్ళి పొడుగాటి మేకొకటి తెచ్చాడు. ఆమె ఎదురుగా వరండా స్తంభాన్ని కింద నుంచి మొదలుపెట్టి, చెయ్యందినంత మేర జానెడు జానెడుకీ పొడుచుకుంటూ పోయాడు. ఎక్కడా దిగలేదు.

"సూసినావా? గట్టిగుంది."

నూకాలమ్మ ఆ స్తంభాన్ని పైనుంచి కిందిదాకా చూసింది.

"ఆ కింద మొదట్లో ఇంకోపాలి పొడు," అంది.

ఆయన మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ పొడిచాడు.