బెండు తీసిన పాపం

నేను ఒక సైకిలు వెనక చక్రాన్ని. ముందు చక్రానికి దారి చూసే గౌరవం దక్కింది, నాకు బరువు మోసే భాగ్యం దక్కింది. పుట్టినప్పుడు మాత్రం గుండ్రంగానే ఉన్నాను, ఒట్టు.

నా మొదటి యజమాని సన్యాసిరావు రెండు ఊళ్ల సినిమాహాళ్ల మధ్య రీళ్ల పెట్టె మోసేవాడు. హాళ్లు రెండు, సినిమా ఒకటే. ఇక్కడ ఆడిన రీలు వెంటనే అక్కడికి పరుగెత్తాలి. ఆ తొందరలో ఒకరోజు నన్ను కాలవగట్టు గోతిలో దించాడు. అవతలి హాల్లో హీరోయిన్ మెడ దాకా వచ్చిన తాళి అక్కడే ఆగిపోయిందట. జనం కుర్చీలు విరిచారు, నాకు స్పోకు పుల్లలు విరిగాయి. అప్పటి నుంచి బెండు పడి, తిరిగిన ప్రతిసారీ మడ్‌గార్డుకు రాసుకుని ‘సుర్‌ర్... టక్కు’ అంటాను. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి!

తర్వాత ఉప్పాడ నూకరత్నం నన్ను కొనుక్కుంది. పొద్దున్నే చేపల బుట్ట నా నెత్తిన కట్టి చుట్టుపక్కల ఊళ్లు తిరిగేది. ఆమెది చిన్న గొంతు, అరవలేదు. గంట కొడితే ఐసు బండి అనుకుని పిల్లలు వచ్చేవారు. అయినా ఏ లోటూ లేదు. నా చప్పుడు సందు మలుపులో వినిపించగానే ఆడవాళ్లు గిన్నెలతో, పిల్లులు తోకలెత్తుకుని బయటికొచ్చేవారు.

మెచ్చుకోనివాడు ఒక్కడే, భద్రం మాస్టారు. రిటైరయ్యాక ఆయనకు దిద్దడానికి పిల్లలు దొరక్క నన్ను పట్టుకున్నాడు. “ఏటమ్మా ఆ రొద! పేపరు చదువుకోనివ్వదు. చక్రం బాగుచేయించుకో” అని రోజూ సతాయించేవాడు. చివరికి నూకరత్నం సిగ్గుపడి నన్ను సైకిలు షాపు అప్పలకొండ దగ్గరికి తీసుకెళ్లింది.

అప్పలకొండ సైకిలును తలకిందులు చేశాడు. నన్ను తిప్పుతూ అంచుకు సుద్దముక్క ఆనించాడు. గీత పడ్డచోట ఒక పుల్ల బిగించాడు, దాని ఎదుటిది వదులు చేశాడు. విరిగినవాటి బదులు కొత్తవి వేశాడు. సాయంత్రానికి సుద్దముక్కకు నేను ఎక్కడా అందలేదు. “ఇంత నున్నగా తిరిగే చక్రం ఈ జిల్లాలో లేదు” అని మురిసిపోయాడు. నాకూ గర్వమేసింది. దాని ఫలితం మర్నాడే తెలిసింది.

చప్పుడు లేకుండా వెళ్లాం, చప్పుడు లేకుండా తిరిగొచ్చాం. ఒక్క గిన్నె బయటికి రాలేదు. మధ్యాహ్నం ఎండకు చేప ఆగుతుందా? బుట్టెడు చేపలు పాడైపోయాయి. రెండో రోజూ అంతే. నూకరత్నం కళ్ల నీళ్లు పెట్టుకుని, “ఇలాగే అయితే బుట్ట మూలనెట్టెయ్యడవే” అంది. నా నున్నదనం మీద నాకే అసహ్యమేసింది.

మూడో రోజు మాస్టారే ఎదురొచ్చాడు. “నిన్నా మొన్నా రాలేదేటమ్మా? రెండ్రోజుల్నుంచీ పప్పే తింటన్నాను!”

“మీ గుమ్మం ముందునుంచే ఎల్లానండి మాస్టారూ. మీకు ఇనపళ్లేదు.”

మాస్టారు సైకిలును తానే పట్టుకుని షాపుకు నడిపించాడు.

“మళ్లీ బెండు పెట్టాలా? నా చేత్తో నేను చెయ్యనండి!” అన్నాడు అప్పలకొండ. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని గొణిగాడు కూడా. నూకరత్నం ముఖం చూసి చివరికి పుల్లలు తిప్పే తాళంచెవి చేతికి తీసుకున్నాడు. కానీ వంకరలో పాత వంకర దొరకాలి కదా! బజారంతా చేరింది. “సుర్రు ఎక్కువైంది”, “టక్కు పడలేదు” అని తలొక మాట. మాస్టారు కళ్లు మూసుకుని, తొడ మీద తాళం వేస్తూ, “టక్కు ఇంకాస్త గట్టిగా” అన్నాడు. అప్పలకొండ పళ్లు కొరుకుతూ మరో పుల్ల వదులు చేసి నన్ను తిప్పాడు.

సుర్‌ర్... టక్కు.

అంతే, షాపు బల్ల కింద పడుకున్న పిల్లి లేచి తోకెత్తుకుని నా దగ్గరికొచ్చింది. ఇక ఎవరూ వాదించలేదు.

మర్నాడు గిన్నెలు బయటికొచ్చాయి, బుట్ట ఖాళీ అయింది. మాస్టారు పేపరు మడిచేసి అందరికన్నా ముందు నిలబడ్డాడు. నా ఆనందానికి హద్దు లేదు.

ఇప్పుడు దారిలో కొత్తవాళ్లు నన్ను చూసి, “ఎవరమ్మా ఈ చక్రం బాగుచేసింది?” అని వెటకారంగా అడుగుతారు. నూకరత్నం ఆ చిన్న గొంతునే వీలైనంత పెంచి, “మా అప్పలకొండేనండి!” అంటుంది. ఆ మాట చెవిన పడితే షాపులో అప్పలకొండ తల దించుకుని, లేని పంక్చరు వెతుక్కుంటాడు.